వెనక తలుపు లేని ఆఫీసు

"వాడు తినకపోతే నాకూ అక్కర్లేదు. మీ ఆవిడకి చెప్పు," అంది అత్తగారు.

చెప్పించుకోవాల్సిన ఆవిడ అడుగు దూరంలోనే నిలబడి గిన్నె మీద మూత తీస్తోంది.

పళ్ళ డాక్టరు తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, చివరికి తన కంచం వైపు చూసుకున్నాడు. "అమ్మా, తను ఇక్కడే ఉంది. చెవులు కూడా బాగానే పనిచేస్తున్నాయి."

"పనిచేస్తే మంచిదే. నాకు మాత్రం ఆవిడతో మాటల్లేవు."

రోజంతా పరాయివాళ్ళ నోళ్ళు తెరిపించి బతికే ఆ మనిషికి సొంత ఇంట్లో నోరు తెరవాలంటే మాత్రం భయం. మళ్ళీ కంచంలోకి తల దించేశాడు.

హాలుకు అవతల ఒక గది తలుపు మూసి ఉంది. లోపల ఉన్నది డాక్టరు తమ్ముడు. నిన్న సాయంత్రం వదిన అడిగిన ఒక్క ప్రశ్నకు కంచం ముందు నుంచి లేచి, గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. ఇప్పటిదాకా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ప్రశ్న కూడా పెద్దదేం కాదు. "ఆ ఆఫీసుకు వెనక తలుపు ఎటువైపు ఉంది బాబూ?" అని అడిగింది, అంతే.

తలుపు గురించి అడిగితే ఇంత రాద్ధాంతమా అని ఎవరైనా అనుకోవచ్చు. ఈ ఇంటి పరువంతా ఇప్పుడు ఆ తలుపు మీదే ఆధారపడి ఉంది మరి.

కోడలు పనిచేసేది ఒక వారపత్రికలో, నిజానిజాలు తేల్చే విభాగంలో. ఎంతటివాళ్ళు రాసి పంపినా, అచ్చుకు వెళ్ళే ముందు ఆ వ్యాసం ఆమె బల్ల మీదికి రావాల్సిందే. ఒక్కొక్క మాటా విచారించి, నిజమని తేలిన మాట మీద పెన్సిలుతో సన్నగా గీత గీస్తుంది. ఒకరినొకరు ఎరగని ఇద్దరు చెబితేగానీ గీత పడదు. అన్నీ అయ్యాక, ఎవరి గురించి రాశారో వాళ్ళకే ఫోను చేసి ప్రతి వాక్యమూ చదివి వినిపించి, నిజమేనా అని అడుగుతుంది. ఆఫీసులో ఆమెకు గీతలమ్మ అని పేరు పడిపోయింది. రచయితలైతే ఆ పేరు వింటేనే మొహం చిట్లిస్తారు.

ఈసారి ఆ బల్ల మీదికి వచ్చింది మొండిఘటం కథ.

ఆ పేరు పత్రికలవాళ్ళు పెట్టింది. కుళాయి కారినా, ఫ్యాను తిరగకపోయినా, తాళంచెవి పోయినా ఇంటికి మనిషిని పంపించే ఇంటర్నెట్ కంపెనీ ఆమెది. ఆమెను నెత్తిన పెట్టుకునేవాళ్ళు సగం మంది, దుమ్మెత్తిపోసేవాళ్ళు సగం మంది. ఆమె కూడా ఏమీ తక్కువ తినలేదు. విలేకరులను గెంటేసింది. పెట్టుబడి పెట్టినవాళ్ళతో తగువు పడింది. ఇంటర్నెట్లో తిట్టినవాళ్ళను వెతికి వెతికి తిరిగి తిట్టింది.

ఆమె మీద ఉన్న నిందల్లో పెద్దది కంపెనీ వెబ్‌సైటు కుప్పకూలిన రోజుది. పనివాళ్ళ పేర్లూ, ఇళ్ళ చిరునామాలూ, కుదిరిన పనులూ అన్నీ ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయాయి. యజమాని హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని వెనక తలుపులోంచి జారుకుందనీ, ఒక కుర్ర ఇంజనీరు మాత్రం ఒంటరిగా కూర్చుని సైటును మళ్ళీ నిలబెట్టాడనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కుర్ర ఇంజనీరే ఇప్పుడు గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నవాడు.

"కాలేజీలో వాడు ఆ సంగతి చెప్తుంటే పిల్లలంతా లేచి నిలబడ్డారు," అంది అత్తగారు గోడతో చెబుతున్నట్టుగా. "నేను ముందు వరసలో కూర్చున్నాను. ఆ చప్పట్లు నా చెవులతో విన్నాను. ఇప్పుడు కొత్త కంపెనీవాళ్ళు పిలిచి మరీ పెద్ద కుర్చీ వేశారు. అది చూసి ఇంట్లోవాళ్ళకే కళ్ళు కుట్టాయి."

"ఏమండీ," అంది కోడలు కూడా భర్తతోనే. "నాకు కళ్ళు కుట్టలేదని అత్తయ్యకి చెప్పండి. వాడికి ఆ ఉద్యోగం వచ్చిన రోజు ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ గంతులేసింది నేనే."

"నేనేమన్నా పోస్టు పెట్టెనా?" అన్నాడు డాక్టరు. "ఇద్దరూ నాలో వేసేసి పోతున్నారు."

ఎవరూ నవ్వలేదు. ఆయన మళ్ళీ కంచంలోకి చూసుకున్నాడు.

కోడలు కుర్చీ లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చుంది. "అత్తయ్యా, నా మాట పూర్తిగా వినండి. తర్వాత ఏమైనా అనండి. ఆ వార్త రాసిన ప్రతి పత్రికకీ ఫోను చేశాను. మీకెవరు చెప్పారంటే ఒకడు ఇంకో పత్రిక పేరు చెప్పాడు. ఆ పత్రికవాడు ఒక సైటు పేరు చెప్పాడు. తవ్వుకుంటూ పోతే అందరూ మన బాబు కాలేజీలో మాట్లాడిన వీడియో దగ్గరే తేలారు. అంతమంది చెప్పిందీ ఒక్క నోటి నుంచి వచ్చిందే."

"అయితే? చూసినవాడు వాడు. వాడు కాక ఇంకెవడు చెప్తాడు?"

"అందుకే ఆ పాత ఆఫీసుకు వెళ్ళాను. ఇప్పుడక్కడ కుట్టుమిషన్లు అమ్ముతున్నారు. మిషన్లు జరిపించి మరీ చూశాను. వెనక గోడ పక్క బిల్డింగు గోడకు ఆనుకుని ఉంది. తలుపు లేదు. గాలి రావడానికి కంత కూడా లేదు."

"మూసేసి ఉంటారు."

"కట్టినాయన్ని కూడా అడిగాను. మొదటి నుంచీ అంతేనట. గోడ తట్టి చూశాను అత్తయ్యా."

"తట్టి చూసిందట!" అత్తగారు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. గొంతు లేచిందంటే మూడు గదుల పిల్లలు నోళ్ళు మూసుకునేవాళ్ళు. "మొగుడి తమ్ముడి పరువు తియ్యడానికి ఊళ్ళో గోడలన్నీ తట్టుకుంటూ తిరిగిందట! విన్నావురా?"

డాక్టరుకు నవ్వొచ్చింది. రాకూడని సమయం కాబట్టి మంచినీళ్ళు తాగి మింగేశాడు.

"గోడ ఒక్కటే కాదు," అంది కోడలు. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆ రోజు కంపెనీకి ఫోను చేసిన కుళాయి మేస్త్రీ ఒకాయన దొరికాడు. తాళాలు బాగుచేసే ఒకావిడ దొరికింది. వాళ్ళకి ఒకరి మొహం ఒకరికి తెలీదు. ఇద్దరికీ ఫోనెత్తింది యజమానే. ఆ మేస్త్రీ ఏమన్నాడో తెలుసా? 'నేను తిట్టానమ్మా, ఆవిడ నాకంటే బాగా తిట్టింది. తిట్టి, మొన్న నువ్వెళ్ళిన మేడ మీది ఇల్లు నాకు గుర్తుంది, వాళ్ళ వంటింటి కుళాయి కూడా కారుతోందన్నారు, ముందు అక్కడికి పో అంది' అన్నాడు. సైటులో అన్నీ చెరిగిపోయాయి కదా, గుర్తున్నంత వరకు తన బుర్రలోంచి తీసి ఒక్కొక్కరికీ పని చూపించిందట అత్తయ్యా. జారుకున్న మనిషి చేసే పనేనా ఇది?"

అత్తగారు బల్ల మీద లేని మెతుకును కొంగుతో తుడిచింది.

కాసేపటికి, "ఆ వ్యాసం ఇంకొకరికి ఇచ్చెయ్యలేకపోయావా?" అంది. సూటిగా కోడలినే అడిగానని ఆవిడ కూడా గమనించలేదు.

"ఇచ్చేస్తాననే అన్నాను. వీడు నా మరిది అని వీడియో చూసిన రోజే మా ఎడిటరు పెద్దాయనకు చెప్పాను. విచారించు గానీ ఆ వాక్యం మీద గీత నువ్వు గియ్యొద్దన్నారు, ఆవిడతో ఇంకొకరు మాట్లాడతారన్నారు. కానీ ఆవిడ నాతో తప్ప మాట్లాడనంది. పెద్దాయన లైన్లో వింటూ ఉండాలి, ఆ వాక్యం మీద తీర్పు ఆయనదే అని ఒప్పందం. ఇవాళ ఆవిడే ఫోను చేస్తానంది."

"నీతోనే ఎందుకట?"

కోడలికి కొంచెం నవ్వొచ్చింది. "మెట్ల కింద చీకటి గదిలో కంపెనీ మొదలుపెట్టానని ఆవిడ గొప్పగా చెప్పుకుంటుంది. వెళ్ళి చూస్తే మూడో అంతస్తులో, గాలీ వెలుతురూ ఉన్న గది. అదే చెప్పి, ఆ మెట్ల మాట కొట్టేస్తున్నానండీ అన్నాను. అరగంట తిట్టింది. మర్నాడు పెద్దాయనకు ఫోను చేసి, నా అబద్ధం నా మొహం మీదే కొట్టేసిన ఆ పిల్లకే నా కథ ఇవ్వండి, మిగతావాళ్ళు వద్దు అందట."

"మంచి గడుసుదే," అంది అత్తగారు. ఎవరిని అందో చెప్పలేదు.

కోడలు లేచి వెళ్ళి గది తలుపు మీద వేళ్ళతో కొట్టింది.

"బాబూ, ఆవిడ ఫోను చేసే వేళయింది."

"చెయ్యనీ వదినా."

"ఆవిడ నిజం చెప్తే నేను దాచలేను."

"దాచమని నేనడిగానా?"

"మరి గడియ ఎందుకు?"

గడియ తీసిన చప్పుడైంది. తలుపు సగమే తెరుచుకుంది. మరిది కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కొత్త కంపెనీవాళ్ళిచ్చిన చొక్కాతోనే పడుకుని లేచినట్టున్నాడు.

"నవ్వించడానికి అన్నాను వదినా. సభలో ఎవడో లేచి, మీ మేడం ఆ రోజు ఎక్కడుందని అడిగాడు. వెనక తలుపులోంచి చెక్కేసిందన్నాను. హాలంతా నవ్వింది. ఆ తర్వాత ఎక్కడికెళ్ళినా అదే అడిగారు."

"రెండో చోట కాదని చెప్పొచ్చుగా?"

వాడు తల వంచుకున్నాడు.

"నాకొక్కటే అర్థం కావట్లేదు," అంది వదిన. "ఎవరు ఏమన్నా ఊరుకునే మనిషి కాదావిడ. ఇంటర్నెట్లో పిల్లకాయలు ఒక మాటంటే పది మాటలు అంటుంది. ఈ ఒక్క నింద మీద మాత్రం ఇన్నేళ్ళూ నోరెత్తలేదు. ఎందుకు?"

మరిది మొహంలో రంగు మారింది. ఏదో చెప్పబోయాడు. బల్ల మీద ఫోను మోగింది.

కోడలు వెళ్ళి ఫోనెత్తింది. లైన్లో పెద్దాయన దగ్గు వినిపించింది. ఆ వెంటనే ఇంకో గొంతు, హాలంతా వినిపించేంత పెద్ద గొంతు: "గీతలమ్మా, కానియ్. నాకు అవతల పనుంది."

"ముందు ఒక మాట చెప్పాలండీ. మీరు వెళ్ళిపోయారని చెప్పిన ఇంజనీరు నా మరిది. ఇక్కడే ఉన్నాడు. మా అత్తగారూ ఉన్నారు. లోపలికి వెళ్ళి మాట్లాడమంటారా?"



"బాగున్నాడా వాడు?" అంది మొండిఘటం. "తింటున్నాడా? పని మీద పడితే తిండి మర్చిపోయే రకం. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, స్పీకరులో పెట్టు. నా గొంతును ఏ గోడలు ఆపాయి గనక?"

అత్తగారు ఫోను వైపు మొదటిసారి తిన్నగా చూసింది.

కోడలు స్పీకరు నొక్కి కాగితం ముందుకు లాక్కుంది. "చదువుతున్నాను. 'సైటు కూలిన రోజు ఆమె సిబ్బందిని వదిలి ఆఫీసు నుంచి వెళ్ళిపోయారు.' ఇది నిజమేనా?"

"నిజమే. గీత గీసుకో."

ఇంట్లో ఉన్న నలుగురికీ ఆ మాట స్పష్టంగా వినిపించింది. డాక్టరు నోరు తెరిచాడు. కోడలి చేతిలో పెన్సిలు కదల్లేదు.

"వెనక తలుపులోంచి అని కూడా ఉందండీ."

"అవును. వెనక తలుపే."

"ఆ ఆఫీసుకు వెనక తలుపు లేదు."

"చూశావా?"

"తట్టి చూశాను."

ఫోనులోంచి పెద్ద నవ్వు వినిపించింది. కడుపారా నవ్వే నవ్వు. "అయితే ముందు తలుపని రాసుకో. ఏ తలుపైతేనేం, వెళ్ళిపోయానని నేనే అంటున్నానుగా."

"మరి కుళాయి మేస్త్రీకి ఫోనెత్తింది మీరే కదా?"

"వాడికి చెవుడు."

"తాళాల ఆవిడకి?"

"ఆవిడకీ చెవుడే."

పెద్దాయన ఇక ఉండలేకపోయాడు. "అమ్మా, అందరూ వాళ్ళ మీది నింద చెరపమని నన్ను బతిమాలతారు. మీరేమిటి, లేని నిందకు సాక్ష్యం చెప్తున్నారు?"

"నా కంపెనీలో ఒక పద్ధతుందండీ," అంది మొండిఘటం. ఈసారి గొంతు తగ్గింది. "గదిలో ఏం జరిగినా గదిలో తిడతాను. చెవులు చిల్లులు పడేలా తిడతాను. గది దాటాక మాత్రం తప్పు నాది. అలా అని నా పిల్లలకి మాటిచ్చాను. ఎవడో ఒకడు నా మీద జోకులేశాడని ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే, రేపు ఎవడు నమ్మి నా దగ్గర పనిచేస్తాడు? వాడి మీద కోపం లేదనుకునేరు. బోలెడంత ఉంది. కనిపిస్తే చెవి మెలిపెడతాను. అది నాకూ వాడికీ మధ్య సంగతి. మీ పత్రికకు సంబంధం లేదు."

కోడలు పెన్సిలు కింద పెట్టింది. ఎంతోమంది గొప్పవాళ్ళ గొప్పలు తుడిచేసిన చేయి ఆమెది. గొప్పదనం దాచుకోవడానికి అబద్ధమాడే మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు. ఆవిడంటే చెప్పలేనంత గౌరవం కలిగింది. ఆ వెంటే ఒళ్ళు మండింది కూడా. రాళ్ళేసేవాళ్ళకు తనే రాయి అందించే మనిషిని ఎవరు కాపాడగలరు?

"ఏం జరిగింది ఆ గదిలో?"

అడిగింది అత్తగారు. కుర్చీలోంచి లేచి ఫోను దగ్గరికి వచ్చింది.

"ఎవరూ?" అంది మొండిఘటం.

"నేను వాడి తల్లిని. గదిలో ఏం జరిగినా అంటున్నావు. ఏం జరిగిందమ్మా?"

ఎవరికీ తడబడని ఆ గొంతు మొదటిసారి తడబడింది. "అబ్బే, ఏం లేదండీ. మాటవరసకన్నాను. మీవాడు బంగారం. నా దగ్గరున్నన్నాళ్ళూ బంగారంలా పనిచేశాడు."

జీవితమంతా పిల్లల సాకులు విన్న మనిషి అత్తగారు. ఆ బంగారం అన్న మాట దగ్గరే ఆవిడకు అనుమానం వచ్చేసింది. మెల్లగా తల తిప్పి గది వైపు చూసింది.

సగం తెరిచిన తలుపు పూర్తిగా తెరుచుకుంది.

"అమ్మా," అన్నాడు మరిది. "ఆ సైటు దానంతటది కూలలేదు."

"నోరు ముయ్యరా!" ఫోను అదిరింది. "నిన్నెవరడిగారు? లోపలికి పో!"

ఆ అరుపుకు వాడు అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్ళీ ముందుకు వచ్చాడు. "ఇక చాలు మేడం." తల్లి వైపు తిరిగాడు. "కొత్తవి ప్రయత్నించడానికి సైటుకు ఒక నకలు పెట్టుకుంటామమ్మా. పాడైనా ఫరవాలేదని. అసలుదీ నకలూ నా ముందు పక్కపక్కనే తెరిచి ఉన్నాయి. నకలు అనుకుని అసలుదాన్ని తుడిచేశాను. దిక్కుతోచక చూస్తుంటే మేడం వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఇంటికెళ్ళి మొహం కడుక్కుని రా, అప్పుడు చూద్దాం అన్నారు. నేను వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఆవిడ ఒక్కరే ఫోన్ల ముందు కూర్చుని ఉన్నారు. ఆ రోజు ఆఫీసు వదిలి వెళ్ళింది ఆవిడ కాదమ్మా. నేను."

డాక్టరు లేచి నిలబడ్డాడు గానీ తమ్ముడి దగ్గరికి వెళ్ళాలో తల్లి దగ్గరికి వెళ్ళాలో తెలియక కుర్చీ పట్టుకుని ఉండిపోయాడు.

అత్తగారి మొహం చూడటానికి కోడలికి ధైర్యం చాలలేదు. ముందు వరసలో కూర్చుని ఆవిడ విన్న చప్పట్లు ఎవరికి దక్కాల్సినవో ఇప్పుడు ఆవిడకు కూడా తెలిసిపోయింది.

ఫోనులో పెద్దాయన దగ్గాడు. "బాబూ, నువ్వన్నది నేను విన్నాను. ఇది అచ్చయితే నీ కొత్త ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలీదు. అందుకే మా పద్ధతి ప్రకారం ఒకసారి చదివి వినిపిస్తాను. అవునంటే అచ్చవుతుంది. కాదంటే ఇక్కడితో వదిలేస్తాను. గీతలమ్మా, నువ్వు మధ్యలోకి రాకు."

"వదిలెయ్యండి," అంది మొండిఘటం.

పెద్దాయన వినిపించుకోలేదు. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి చదివాడు. "'సైటును పొరపాటున తుడిచేసింది నేనే. ఆ రోజు ఆఫీసు వదిలి వెళ్ళిందీ నేనే. మా యజమాని గురించి చెప్పింది అబద్ధం.' నిజమేనా బాబూ?"

"కాదు!" అంది ఫోనులోంచి మొండిఘటం.

"కాదు," అంది అత్తగారు, అదే క్షణంలో. ఆవిడ చెయ్యి కొడుకు భుజాన్ని గట్టిగా పట్టుకుంది. అబద్ధమాడిన పిల్లలను ఎండలో నిలబెట్టిన మనిషి, ఇప్పుడు కళ్ళనిండా నీళ్ళతో కొడుకును అబద్ధమాడమని బతిమాలుతోంది.

"వాళ్ళనడగలేదు," అన్నాడు పెద్దాయన. "నిన్నడిగాను బాబూ."

మరిది వదిన వైపు చూశాడు. ఆమె తల ఊపలేదు, అడ్డంగానూ ఆడించలేదు. వాడి కోసం గుండె పిండేస్తున్నా, ఆ జవాబు మాత్రం వాడి నోటి నుంచే రావాలని ఆమెకు తెలుసు.

వాడు భుజం మీద ఉన్న తల్లి చేతిని రెండు చేతులతో తీసి, కాసేపు అలాగే పట్టుకుని, తర్వాత వదిలేసి ఫోను మీదికి వంగాడు.